మందుల చీటీ

జ్వరంతోనో, గుండెదడతోనో, కీళ్లనొప్పులతోనో పల్లెనుండి పట్నం వచ్చిన రోగి గంటల తరబడి వేచి ఉండి, వైద్యునికి చూపించుకొని బయటికి వచ్చేటప్పుడు అతని చేతిలో మిగిలేది ఒక చిన్న కాగితం. దానిమీద ఏమి రాసి ఉన్నదో అతనికి తెలియదు. భద్రంగా మడిచి జేబులో పెట్టుకొని మందుల దుకాణానికి నడుస్తాడు. దుకాణదారు ఆ కాగితాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క క్షణం ఆలోచించి, అలమరలోనుండి రెండు మూడు డబ్బాలు తీస్తాడు. ఆ ఒక్క క్షణపు ఆలోచనలో తన ప్రాణం వేలాడుతూ ఉన్నదని ఎదుట నిలబడిన రోగి ఎరుగడు.

వైద్యుడు ఏళ్ల తరబడి చదివిన చదువు, చేసిన పరీక్ష, కట్టిన నిర్ణయం అన్నీ చివరకు ఆ నాలుగు వరుసల్లోకే వచ్చి చేరుతాయి. నిర్ణయం ఎంత సరైనదైనా రాతలో తప్పితే ఫలితం తప్పుతుంది. రాత సరిగా ఉన్నా రోగికి అర్థం కాకపోతే అప్పుడూ తప్పుతుంది. అందువల్లనే మందుల చీటీ రాయడం వైద్యవృత్తిలో ఒక చిన్న పనిగా కాక, ప్రత్యేకమైన నియమాలు గల బాధ్యతగా పరిగణింపబడుతున్నది.

చీటీ పైభాగాన ఎడమవైపు ఒక గుర్తు కనిపిస్తుంది. ఆంగ్లంలోని 'ఆర్' అక్షరపు కాలిమీద అడ్డగీత గీసినట్లుండే ఆ గుర్తు లాటిన్ భాషలో 'తీసుకో' అనే అర్థమిచ్చే క్రియాపదానికి సంక్షిప్త రూపం. ఈ ఆజ్ఞ రోగికి కాదు, పూర్వం మందు నూరి కలిపి ఇచ్చేవానికి ఉద్దేశించినది. ఈ ద్రవ్యం ఇంత తీసుకో, ఆ ద్రవ్యం ఇంత తీసుకో అని వైద్యుడు రాస్తే, అతడు తూచి కలిపి ఇచ్చేవాడు. నేడు మందులు కర్మాగారాల్లోనే బిళ్లలుగా, గొట్టాలుగా తయారై వస్తున్నాయి. అయినా పాత గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు.

మన దేశంలో ఈ చీటీకి చట్టబద్ధమైన రూపం ఉన్నది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టాన్ని అనుసరించి 1945లో వెలువడిన నిబంధనలు చీటీలో ఏమేమి ఉండాలో చెప్పాయి. అది లిఖితపూర్వకంగా ఉండాలి. వైద్యుడు స్వయంగా సంతకం చేసి తేదీ వేయాలి. రోగి పేరు, చిరునామా ఉండాలి. ఇవ్వవలసిన మందు మొత్తం ఎంతో, ఒక్కొక్క పర్యాయం తీసుకోవలసిన మోతాదు ఎంతో తెలపాలి. వైద్యమండలి తనకిచ్చిన నమోదు సంఖ్యను కూడా వైద్యుడు చీటీమీద చూపాలని 2002 నాటి భారత వైద్యమండలి వృత్తి నియమావళి ఆదేశించింది. రాసినవాడు ఎవరో తెలియని చీటీకి జవాబు చెప్పేవాడు ఉండడు గదా!

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి గమనింపదగినది. చట్టం దృష్టిలో 'ఆర్.ఎం.పి.' అంటే వైద్యమండలిలో నమోదైన అర్హుడైన వైద్యుడు. తెలుగు పల్లెల్లో మాత్రం అదే మాట పట్టా లేకుండా వైద్యం చేసే గ్రామీణ వైద్యునికి పేరుగా స్థిరపడిపోయింది. మందు డబ్బామీద 'నమోదైన వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలెను' అని ఉన్న హెచ్చరికను ఊళ్లో అందరూ ఎలా అర్థం చేసుకొని ఉంటారో ఊహించవచ్చు.

ఆ హెచ్చరిక ఉన్న మందులను 'హెచ్' షెడ్యూలు మందులంటారు. వాటిలో అతిజాగ్రత్తతో వాడవలసిన కొన్ని యాంటీబయాటిక్‌లను, క్షయ మందులను, మత్తు కలిగించే కొన్ని మందులను వేరుచేసి 'హెచ్1' అనే షెడ్యూలులో చేర్చారు. అది 2014 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ మందు అమ్మినప్పుడు దుకాణదారు రాసిన వైద్యుని పేరు, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చినదీ ప్రత్యేకమైన పుస్తకంలో నమోదుచేసి మూడేళ్లు భద్రపరచాలి. 'ఎక్స్' షెడ్యూలు మందులకు కట్టుబాటు మరింత గట్టిది. చీటీ రెండు ప్రతులు ఉండాలి. ఒక ప్రతిని దుకాణంలో రెండేళ్లు దాచిఉంచాలి.

అయితే కలం కాగితంమీద పెట్టడానికి ముందే వైద్యుని అసలు పరీక్ష మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో వైద్య విద్యార్థుల కోసం మంచి చీటీ రాయడానికి ఒక మార్గదర్శిని వెలువరించింది. అందులో ఆరు మెట్లు ఉన్నాయి. రోగి బాధ ఏమిటో నిర్ధారించుకోవాలి. చికిత్సవల్ల ఏమి సాధించదలచినదీ తేల్చుకోవాలి. ఎంచుకున్న మందు ఈ రోగికి సరిపడుతుందో లేదో చూడాలి. ఆ తరువాతనే చీటీ రాయాలి. రాసిన పిదప వివరించి చెప్పాలి. చివరగా, మందు పనిచేసిందో లేదో కనిపెట్టి చూసి, అవసరం తీరగానే ఆపివేయాలి. ఆరింటిలో చీటీ రాయడం నాలుగవ మెట్టు మాత్రమే!

మూడవ మెట్టు దగ్గరనే చాలా ప్రమాదాలు పొంచి ఉంటాయి. రోగానికి తగిన మందు రోగికి తగకపోవచ్చు. ఆరియోమైసిన్ అనే మందు 1948లో వెలుగుచూసింది. భీమవరంలో 1895లో జన్మించి అమెరికాకు వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ వర్గపు మందులన్నింటికీ అదే మొదటిది. అనేక రకాల క్రిములను హతమార్చగల ఈ మందులు పెరిగే ఎముకలోను, దంతాలలోను చేరతాయి. చిన్నపిల్లలకు ఇస్తే పళ్లు శాశ్వతంగా పసుపుపచ్చగా, గోధుమరంగుగా మారతాయి. కనుక సాధారణంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు వీటిని రాయరు. 'ఎన్నో నెలమ్మా?' అని అడగడం మరచిన వైద్యుని తప్పు ఇంకా పుట్టని బిడ్డ నోటిలో కొన్నేళ్లకు బయటపడవచ్చు.

అందుకే అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇదివరలో ఏ మందైనా పడక ఒళ్లంతా దద్దుర్లు లేచాయా? మూత్రపిండాలు, కాలేయం సరిగా పనిచేస్తున్నాయా? ఇప్పటికే వాడుతున్న మందులేమిటి? వాటిలో ఇంట్లో నూరుకొన్న ఆకుపసరు, ఊళ్లో ఇచ్చిన పొడి కూడా చేరతాయి. రోగి వాటిని మందులుగా లెక్కించడు కాబట్టి పని కట్టుకొని అడిగితేనే చెబుతాడు. పిల్లలైతే వయసుతో పాటు బరువు కూడా చూడాలి. పెద్దవారి బిళ్లను సగానికి విరిచి ఇవ్వడం లెక్క అనిపించుకోదు.

మందు రాయకపోవడం కూడా ఒక్కొక్కప్పుడు వైద్యుని విధియే. జలుబుకు కారణం వైరసు అయినప్పుడు యాంటీబయాటిక్ దానిని ఏమీ చేయలేదు. పైగా శరీరంలోని ఇతర క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారయ్యే అవకాశం పెరుగుతుంది. ఈ మాట రోగికి నచ్చజెప్పడం తేలిక కాదు. సూది వేయకుంటే జ్వరం దిగదని, సెలైన్ ఎక్కిస్తే గాని బలం రాదని మన ఊళ్లలో గట్టి నమ్మకం. వట్టి చేతులతో పంపే వైద్యునికంటె అయిదు మందులు రాసే వైద్యునికే పేరు వస్తుంది. దానికితోడు గది బయట ఇంకా నలభైమంది కూర్చొని ఉంటారు. అయిదు నిమిషాలు వివరించడం కంటె అర నిమిషంలో చీటీ రాయడం సులువు. ఇందులో తప్పు వైద్యునిది ఒక్కనిదే అనడం న్యాయం కాకపోవచ్చు గాని, కలం ఉన్నది మాత్రం ఆయన చేతిలోనే.

ఇక రాత సంగతి. వైద్యుల దస్తూరి మీద ఛలోక్తులకు మన దేశంలో కొదవ లేదు. కాని 1995లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఒడెస్సా పట్టణంలో జరిగినది నవ్వుకోదగినది కాదు. నలభై రెండేళ్ల రోగికి గుండెనొప్పి తగ్గడానికి వైద్యుడు ఐసార్డిల్ అనే మందు 20 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకొకసారి వేసుకోమని రాశాడు. దుకాణంలోని ఔషధ నిపుణుడు ఆ రాతను ప్లెండిల్ అని చదివాడు. ప్లెండిల్ రక్తపోటు తగ్గించే మందు. దాని గరిష్ఠ మోతాదు రోజుకు 10 మిల్లీగ్రాములు. చీటీ ప్రకారం రోగికి అందినది రోజుకు 80. అంటే ఎనిమిది రెట్లు. అతనికి గుండెపోటు వచ్చి, కొద్దిరోజులలోనే మరణించాడు. 1999లో న్యాయస్థానంలోని జ్యూరీ మృతుని కుటుంబానికి 4 లక్షల 50 వేల డాలర్ల పరిహారం ఇవ్వాలని తేల్చి, ఆ భారాన్ని రాసినవాని మీద, చదివినవాని మీద చెరిసగం మోపింది. వైద్యుడు ఎంచుకున్న మందులో దోషం లేదు, మోతాదులో దోషం లేదు. దోషమంతా అక్షరాలలోనే ఉన్నది.

అదే 1999లో అమెరికాలోని వైద్య సంస్థ ఒకటి వెలువరించిన నివేదిక ఆ దేశపు ఆసుపత్రులలో వైద్యపరమైన పొరపాట్లవల్ల ఏటా 44 వేల నుండి 98 వేలమంది వరకు మరణిస్తున్నారని అంచనా వేసింది. చీటీల పొరపాట్లు వాటిలో ఒక భాగం మాత్రమే. అయినా ఆ లెక్క చూశాక ప్రపంచం ఈ విషయాన్ని తేలికగా తీసుకోవడం మానింది.

అక్షరాలకంటె అంకెలు మరింత ప్రమాదకరమైనవి. '5.0' అని రాస్తే నడుమ చుక్క కనిపించక 50 అవుతుంది. '.5' అని రాస్తే 5 అవుతుంది. అందుచేత పూర్ణసంఖ్య పక్కన చుక్క, సున్న రాయరాదని, అర మిల్లీగ్రాము రాసేటప్పుడు చుక్కకు ముందు సున్న తప్పక ఉండాలని నియమం. ఇన్సులిన్‌ను యూనిట్లలో కొలుస్తారు. ఆ మాటకు బదులు ఆంగ్లంలోని 'యు' అక్షరం ఒక్కటే గిలికితే, అది సున్నలా కనిపించి 4 యూనిట్లు 40గా మారిన సందర్భాలు ఉన్నాయి. పొట్టి మాటల సంగతీ అంతే. 'ఓ.డి.' అంటే మన వైద్యులకు రోజుకొకసారి. కంటి వైద్యంలో అదే కుడికన్ను. మందుల పేర్లలో కూడా ఇటువంటి పోలికలున్నాయి. అమెరికాలో కడుపుమంటకు వాడే లోసెక్ అనే మందును, ఒంటి నీరు తీసే లేసిక్స్ అనే మందుతో పొరబడుతుండడంవల్ల, లోసెక్ పేరునే ప్రైలోసెక్ అని మార్చవలసి వచ్చింది.

మన దేశంలో ఈ పోరాటానికి తెలుగునేలతో సంబంధం ఉన్నది. ఉత్తరాదిలో ఒక పసిబిడ్డ తప్పుడు ఇంజక్షన్‌వల్ల మరణించిందన్న వార్త చదివి చలించిన నల్గొండకు చెందిన మందుల దుకాణం యజమాని ఒకరు 2014లో హైదరాబాదులోని హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చేతిరాత చీటీలను నిషేధించాలన్నది ఆయన కోరిక. గొలుసుకట్టు రాతలను రోజూ విప్పిచదివే వృత్తిలో ఉన్నవారికే ఆ కష్టం తెలుస్తుంది. 2016లో భారత వైద్యమండలి తన నియమావళిని సవరించి, ప్రతి వైద్యుడు మందులను వాటి జనరిక్ నామాలతో, స్పష్టంగా చదవగలిగేటట్లు, వీలైనంతవరకు పెద్ద అక్షరాలతో రాయాలని ఆదేశించింది. నియమం వచ్చినా రాత మారలేదు. 2025 ఆగస్టులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక కేసు విచారణలో తన ముందుకు వచ్చిన వైద్య నివేదికలో ఒక్క పదం కూడా చదవశక్యం కాకపోవడం చూసి, అర్థమయ్యే మందుల చీటీని పొందడం జీవించే హక్కులో భాగమేనని ప్రకటించింది. కంప్యూటరు చీటీలు వచ్చేవరకు పెద్ద అక్షరాలతో రాయాలని, వైద్య కళాశాలల్లో దస్తూరి కూడా నేర్పాలని చెప్పింది. పలకమీద నేర్వవలసినది పట్టా నాటికి గుర్తుచేయవలసి రావడం విచిత్రమే.

జనరిక్ నామం అంటే మందులోని అసలు పదార్థం పేరు. జ్వరానికి వాడే పారాసెటమాల్ అటువంటి పేరు. దానినే వేర్వేరు కంపెనీలు వేర్వేరు వ్యాపార నామాలతో, వేర్వేరు ధరలకు అమ్ముతాయి. పదార్థం పేరు రాస్తే రోగి చవకైన దానిని ఎంచుకోగలుగుతాడన్నది ఒక వాదం. చవక మందుల నాణ్యతమీద నమ్మకం కుదరవద్దా అన్నది వైద్యుల వాదం. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ జనరిక్ నామాలను తప్పనిసరి చేస్తూ కొత్త నియమాలు వెలువరించగా, వైద్య సంఘాల నుండి తీవ్రమైన అభ్యంతరాలు వచ్చి, అదే నెల 23న వాటిని నిలిపివేశారు. వైద్యుల భయంలో కొంత నిజం లేకపోలేదు. కంపెనీ పేరు రాయడం మానితే మందును ఎంపికచేసే అధికారం వైద్యుని చేతినుండి దుకాణదారు చేతికి పోతుంది. అతని లాభం అతనికి ఉంటుంది. వైద్యుడు వ్యాపార నామం రాసిన 'హెచ్' షెడ్యూలు మందుకు బదులు, అదే పదార్థం ఉన్న మరొక కంపెనీ మందైనా ఇవ్వరాదని 1945 నిబంధనల్లోనే ఉన్నది.

మరి వైద్యుడు ఆ వ్యాపార నామాన్నే ఎందుకు ఎంచుకున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు రోగి మేలు తప్ప మరొకటి కారాదు. మందుల కంపెనీలనుండి కానుకలు, ప్రయాణ ఖర్చులు, విడిది సౌకర్యాలు, నగదు పుచ్చుకోరాదని వైద్యమండలి 2009 డిసెంబరులో నిషేధించింది. ఇటువంటి కానుకల ఖర్చును కంపెనీలు ఆదాయపు పన్ను లెక్కల్లో వ్యాపార వ్యయంగా చూపడానికి వీలులేదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఖర్చు చివరకు మందు ధరలో చేరి రోగి నెత్తినే పడుతుందని న్యాయమూర్తులు గుర్తించారు.

చూడకుండా మందు రాయడం మరొక దోషం. రోగిని స్వయంగా పరీక్షించకుండా, అత్యవసరం లేనప్పుడు టెలిఫోనులో మందు చెప్పే అలవాటు మానుకోవాలని 2009లో సుప్రీంకోర్టు హితవు చెప్పింది. కరోనా వచ్చి ఊళ్లు మూతపడ్డాక, దూరం నుండి చూడక తప్పని పరిస్థితి ఏర్పడింది. 2020 మార్చిలో టెలి వైద్యానికి మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఏ మందులను ఏ విధమైన సంప్రదింపుపై రాయవచ్చో వాటిలో విభజించారు. 'ఎక్స్' షెడ్యూలు మందులను, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే వాటిని మాత్రం టెలి వైద్యంలో రాయనే కూడదు.

ఇన్ని నియమాలు పాటించిన చీటీ కూడా చివరి మెట్టుమీద జారిపోవచ్చు. దానికి మెథోట్రెక్సేట్ అనే మందు కంటె మంచి ఉదాహరణ లేదు. ఇది కూడా సుబ్బారావు బృందం కృషి ఫలమే. రక్త కేన్సరుతో బాధపడే పిల్లలకు తొలిసారిగా కొంత ఉపశమనం ఇచ్చిన ఔషధ కుటుంబానికి చెందినది. చాలా తక్కువ మోతాదులో అదే మందు కీళ్లవాతానికి కూడా పనిచేస్తుంది. అయితే కీళ్లవాతానికి దానిని రోజూ వేసుకోరాదు. వారానికి ఒకసారి మాత్రమే వేసుకోవాలి. బీ.పీ. బిళ్ల, షుగరు బిళ్ల రోజూ వేసుకొనే అలవాటున్న రోగి దీనినీ రోజూ మింగితే, నోరు పూసి, రక్తం తయారుచేసే మూలుగ దెబ్బతిని ప్రాణంమీదికి వస్తుంది. ఇలా మరణించినవారు అనేక దేశాలలో ఉన్నారు. వారి చీటీలలో మందు పేరు సరిగానే ఉండవచ్చు, మోతాదూ సరిగానే ఉండవచ్చు. 'వారానికి' అన్న ఒక్క మాట మాత్రం చీటీనుండి రోగి చెవిదాకా చేరలేదు.

అందుకే ఈ మందు రాసేటప్పుడు వారంలో ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు చీటీమీదనే రాయాలని, నాలుగు వారాలకు సరిపడా మాత్రమే ఇవ్వడం క్షేమమని అనుభవజ్ఞులు చెబుతారు. చదువురాని వారికైతే ఇంట్లో చదువుకున్న వారిని పిలిపించి మరీ చెబుతారు. చెప్పి ఊరుకోరు, తిరిగి చెప్పించుకుంటారు.

"అమ్మా, ఈ పచ్చ బిళ్లలు ఎప్పుడు వేసుకోవాలో మీరు నాకొకసారి చెప్పండి."

"ఆదివారం పొద్దున్న మూడు, బాబూ. మళ్ళీ వచ్చే ఆదివారమే."

"మధ్యలో నొప్పి ఎక్కువైతే?"

ముసలమ్మ కొంచెం ఆలోచించి, కొంగుముడిలోని చీటీని తడిమి చూసుకొంటుంది. "ఎక్కువైతే మీ దగ్గరికి వస్తాను గాని, ఆ బిళ్ల ముట్టుకోను."

అప్పుడు వైద్యుడు తరువాతి రోగిని పిలుస్తాడు.